ఒంటిమనిషి కంపెనీలో రెండో సంతకం

బ్యాగులక్క మొదటిసారి నా బల్ల దగ్గరికి వచ్చినప్పుడు కసురుకున్నాను. అందులో ఆవిడ తప్పేమీ లేదు, ఎవరొచ్చినా కసురుకుంటాను. రిజిస్ట్రేషన్ ఆఫీసు గోడ పక్కన, రేకు కింద, ఒక కంప్యూటరూ ఒక ప్రింటరూ పెట్టుకుని జనం కాయితాలు తయారుచేసే మనిషి మెత్తగా ఉంటే బతకలేడు. "చిన్న సందేహమండీ" అంటూ కూర్చునేవాళ్ళ సందేహానికి తోకలుంటాయి, ఆ తోకలకి మళ్ళీ తోకలుంటాయి. అందుకని ముందు ఒకసారి కసురుతాను. ఊసుపోక వచ్చినవాళ్ళు వెళ్ళిపోతారు, పనుండి వచ్చినవాళ్ళు నిలబడతారు.

ఆవిడ నిలబడింది. బక్కపల్చటి మనిషి, జుట్టు సగం నెరిసింది, చేతివేళ్ళకి సూది గుచ్చుకున్న మచ్చలు. భుజానికి తోలుసంచీ. ఆ సంచీకి జిప్పు మాత్రం కొత్తది.

"షాపు పెట్టుకుందామనుకుంటున్నానండీ. బ్యాగులు, సూట్‌కేసులు బాగుచేసే షాపు."

"పెట్టుకోండి. నన్నడిగి పెట్టుకుంటారా?"

"పెట్టుకోవడం తర్వాత. నేను పోయాక దాని షట్టరు ఎవరు తెరుస్తారో ముందు అది చెప్పండి."

ఇన్నేళ్ళలో ఇలాంటి ప్రశ్న నేను వినలేదు. షాపు పెట్టేవాళ్ళు పన్ను ఎంతని అడుగుతారు, పన్ను తప్పించుకోవడం ఎలాగని గొంతు తగ్గించి అడుగుతారు, పర్మిషను ఎప్పుడొస్తుందని నా ప్రాణం తీస్తారు. మొదలుపెట్టకముందే మూసేసే సంగతి అడిగిన మనిషి ఈవిడే. కూర్చోమన్నాను.

ఆవిడ కథ పెద్దదేం కాదు. చదువు ఆగిపోయిన వయసులో ఒక బ్యాగుల షాపులో పనికి చేరింది. జిప్పులు వేయడం, పట్టీలు కుట్టడం, సూట్‌కేసు చక్రాలు మార్చడం అక్కడే నేర్చుకుంది. షాపు యజమానిని పెద్దాయన అనేది. ఇంట్లో వాళ్ళమ్మ. అమ్మ మంచాన పడింది, చాలాకాలం అలాగే ఉండి పోయింది. ఈలోగా పెళ్ళి ఊసు ఎత్తాల్సినవాళ్ళు ఎత్తలేదు, ఎత్తేవాళ్ళకి ఈవిడ ఇల్లు తెలియదు. అమ్మ పోయాక ఇంట్లో మిగిలింది ఒక రేడియో. పనికి వెళ్తూ దాన్ని ఆపకుండా వెళ్తుందట. సాయంత్రం తాళం తీస్తే లోపల ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుందని చెప్పింది. నవ్వుతూనే చెప్పింది గానీ నాకు నవ్వు రాలేదు.

తర్వాత పెద్దాయన కూడా పోయాడు. వారసులకి ఒకరంటే ఒకరికి పడదు. షాపుకి ఎవరికి వాళ్ళు తాళం వేశారు, దాంతో ఆ షట్టరుకి తాళాలు ఎక్కువై తీసేవాళ్ళు లేకుండా పోయారు. లోపల జనం బ్యాగులు. వచ్చినవాళ్ళు షట్టరు బాదేవాళ్ళు, యజమాని లేడని తెలిసి వీధిలో ఈవిడని పట్టుకునేవాళ్ళు. ఒక నర్సుకి దూరంగా ఎక్కడో ఉద్యోగం వచ్చింది, మంచి పెట్టె చక్రం ఊడిందని ఇక్కడ ఇచ్చింది. చివరికి బట్టలన్నీ గోనెసంచుల్లో కుక్కుకుని వెళ్ళింది. "అక్కా, నా పెట్టె నీకే కదా ఇచ్చాను" అని ఏడ్చిందట. ఈవిడ వెళ్ళి తాళం తీయమంటే వారసులు "నువ్వెవరు?" అన్నారు. జీతానికి పనిచేసేవాళ్ళకి హక్కెక్కడిది? చాలాకాలం తర్వాత తీసేసరికి లోపల చెమ్మ చేరి బ్యాగులన్నీ బూజుపట్టాయి. చెత్తబండి వచ్చి తీసుకెళ్ళింది.

"మనిషి పోతే పోతాడండీ. ఒకళ్ళ వస్తువు మన దగ్గర ఉండగా పోతే, ఎవరో ఒకరు వచ్చి తిరిగిచ్చేయాలి కదా. నా షాపుకి అలాంటి మనిషి కావాలి. కాయితం మీద కావాలి. ఎవరూ ‘నువ్వెవరు’ అని అడక్కూడదు."

అది విషయం. నేను లాయర్ని కాను, కానీ లాయర్ల దగ్గరికి వెళ్ళేముందు జనం నా దగ్గరికే వస్తారు, వెళ్ళొచ్చాక అర్థంకాక మళ్ళీ నా దగ్గరికే వస్తారు. చెప్పాను. సొంత పేరు మీద ఊరికే షాపు పెట్టుకోవడం అన్నిటికన్నా తేలిక. కానీ మీరు పోతే దానికి దిక్కు మీ వారసులు. వారసులు లేకపోతే ఆఫీసువాళ్ళు వచ్చి సీలు వేస్తారు. ఇంకొకరితో భాగస్వామ్యం పెట్టుకోవచ్చు, దానికి భాగస్వామి కావాలి, కావాల్సినదానికంటే ఎక్కువ తగాదా కూడా దొరుకుతుంది. మూడోది, ఒక్క మనిషే యజమానిగా ఉండే కంపెనీ. దాన్ని నేను ఒంటిమనిషి కంపెనీ అంటాను. అందులో నామినీ అని ఒకరి పేరు రాయాలి. మీ తర్వాత షట్టరు తెరిచే హక్కు ఆ మనిషిది. ఏ కోర్టూ అక్కర్లేదు, ఆఫీసులో కాయితం మారిస్తే చాలు.

"అదే కావాలండీ నాకు" అంది, వెతుకుతున్న వస్తువు దొరికినట్టు.

"తొందరపడకండి. ఆ నామినీ ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టాలి. పేరుకే ఒంటిమనిషి కంపెనీ. రెండో మనిషి లేకపోతే అది పుట్టదు."

ఆవిడ ముఖంలో వెలుగు అక్కడే తగ్గింది. నేను గమనించనట్టు ప్రింటరులో కాయితాలు సర్దుకున్నాను.

ఆ తర్వాత కొన్ని వారాలు నన్ను నమిలి మింగింది. అద్దె కాయితం తెచ్చింది. షాపుగది యజమాని రెండు ముక్కలు గీకిచ్చాడు. షట్టరు చెడితే బాగుచేయించేది ఎవరు, ఖాళీ చేయమంటే ఎంత ముందు చెప్పాలి, గోడకి మేకు కొట్టొచ్చా లేదా, ఏదీ లేదు అందులో.

"ఆయన చాలా మంచివాడండీ" అంది.

"సంతోషం. ఆయన కొడుకు కూడా మంచివాడే అని రాసిచ్చాడా?"

మళ్ళీ వెళ్ళి అన్నీ రాయించుకొచ్చింది. బోర్డు మీద పెద్దాయన షాపు పేరే పెట్టుకుంటానంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటే చెట్టు గలవాళ్ళు నోటీసు పంపుతారని చెప్పాను. అలిగింది. చివరికి ఉత్త "బ్యాగుల రిపేరు" అని రాయించుకుంది. అగ్నిప్రమాదానికి బీమా తీసుకుంటే అందులో షాపు సామాను ఉంది గానీ జనం ఇచ్చిన బ్యాగులు లేవు. వాటిని విడిగా చేర్పించమన్నాను. రసీదు వెనక ఏం అచ్చువేయించాలో, బ్యాగు ఎన్నాళ్ళు ఉంచుతామో, లోపల మర్చిపోయిన వస్తువులకి ఎవరు బాధ్యులో రాసిచ్చాను. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గదా, నేను బాగా లోకువైపోయాను. కానీ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషిని కసరడానికి నాకు సాకు దొరకలేదు.

బ్యాంకు ఖాతా దగ్గర ఒకటి జరిగింది. కంపెనీ పుట్టాక దానికి విడిగా ఖాతా తెరవాలన్నాను. కంపెనీ డబ్బు వేరు, మీ డబ్బు వేరు, కలపకూడదన్నాను.

"రెండూ నేనే కదండీ?"

"చట్టం దృష్టిలో కాదు. మీరొక మనిషి, మీ కంపెనీ ఇంకో మనిషి."

కాస్త ఆలోచించి, "అయితే ఇప్పుడు ఇంట్లో ఇద్దరం అన్నమాట" అంది. ఈసారి ఇద్దరం నవ్వాం.

అన్నీ అయ్యాయి, నామినీ గడి ఒక్కటి ఖాళీ. ముందు పిన్నికొడుకు దగ్గరికి వెళ్ళింది. చిన్నప్పుడు ఎత్తుకు తిప్పినవాడు. "అక్కా, నీకేదన్నా అప్పుంటే నా మెడకి చుట్టుకుంటుంది, మా ఆవిడ ఒప్పుకోదు" అన్నాడట. అప్పులు చుట్టుకోవని నేను చెప్పిన మాటలన్నీ అప్పజెప్పింది. అప్పుడు వాడు, "మా ఆవిడ ఒప్పుకోదక్కా" అన్న ముక్క మాత్రం మళ్ళీ అన్నాడు. తర్వాత తను అద్దెకుంటున్న ఇంటావిడని అడిగింది. ఆవిడ రెండు చెవులూ మూసుకుని, "శుభం పలకరా మంకెన్నా అన్నట్టుంది నీ వరస! షాపు తెరవబోతూ చావు మాటలేంటి?" అని తలుపేసుకుంది. అమ్మ ఉన్నప్పుడు రోజూ వచ్చి కబుర్లు చెప్పిన ఎదురింటామెని అడిగితే, "అయినవాళ్ళని అడగాలి గానీ మమ్మల్నెందుకమ్మా" అంది. అయినవాళ్ళెవరూ లేరని ఎదురింటామెకి తెలుసు.

ఇంక మిగిలింది నేను. "మీరు పెడతారా సంతకం?" అని నన్నే అడిగింది.

"నా పేరు ఎవరి కాయితం మీదా పెట్టను. అది నా నియమం. ఒకళ్ళకి పెడితే ఈ లైనంతా పెట్టమంటుంది."

"అంతే లెండి" అంది. కోపం లేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా కాస్త దగ్గరితనం ఉండాలి.

కాటాలాయన ఆ రోజే వచ్చాడు. నా బల్ల ముందు రెండే కుర్చీలు, ఒకదాంట్లో ఆవిడ ఉంది, రెండోదాంట్లో ఈయన వచ్చి కూర్చున్నాడు. పెద్దమనిషి. ఇస్త్రీ చొక్కా, గుండీ ఒకటి తేడాగా పెట్టుకున్నాడు. ఇంట్లో ఎవరన్నా ఉంటే బయల్దేరేటప్పుడు చెప్పేవాళ్ళు. తూనిక కాటాలు బాగుచేస్తాడు. కూరగాయలవాళ్ళ దగ్గర్నుంచి బంగారం కొట్టువాళ్ళ దాకా ఆయన దగ్గరికే వస్తారు. కాటాలు ముట్టుకోవాలంటే లైసెన్సు కావాలి, ఆ లైసెన్సు కొత్తగా కంపెనీ పేరు మీద తీసుకోమన్నారు. ఆయనా ఒంటిమనిషే. ఆయన కాయితంలోనూ అదే గడి ఖాళీ.

"నామినీ ఎవరండీ?" అన్నాను.

"ఎవరూ లేకపోతే ఏం రాయాలి?"

"ఎవరూ లేకపోతే ఏమీ రాయక్కర్లేదు, ఇంటికెళ్ళిపోవచ్చు."

ఆయన నవ్వలేదు. బ్యాగులక్క తల తిప్పి ఆయన్ని చూసింది. "అన్నయ్యా, మీ షాపులో జనం కాటాలు ఉంటాయా? బాగుచేయడానికి ఇచ్చినవి?" అని అడిగింది.

"షాపు నిండా అవేనమ్మా. కాటా లేకపోతే పాపం వాళ్ళకి ఆ రోజు అమ్మకం ఉండదు."

"అయితే నా దానికి మీరు పెట్టండి. మీ దానికి నేను పెడతాను. ఎవరు ముందుపోతే రెండోవాళ్ళు వెళ్ళి ఎవరి వస్తువులు వాళ్ళకి ఇచ్చేద్దాం. అంతకుమించి ఒకరికొకరు ఏమీ చేయక్కర్లేదు."

నాకు ఒళ్ళుమండింది. ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో షాపు పెట్టడమేంటి, ఆయన మంచివాడో కాదో ఏం తెలుసు, మంచివాడే అనుకున్నా రేపు ఎక్కడుంటాడో ఏం తెలుసు అని ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టాను. వాళ్ళు నా మాట విన్నారు, బుద్ధిగా తలూపారు, సంతకాలు పెట్టుకున్నారు.

ఫారంలో సంతకం పక్కన బంధుత్వం అని ఒక గడి ఉంటుంది. నామినీ బంధువే కానక్కర్లేదు, ఏమీ కాకపోతే అడ్డగీత కొట్టాలి. కొట్టమన్నాను. బ్యాగులక్క కొట్టింది. కాటాలాయన కలం పట్టుకుని ఆ గీతని కాసేపు చూశాడు. తర్వాత తన కాయితం మీద గుండ్రటి అక్షరాలతో "చెల్లెలు" అని రాశాడు.

"ఏంటండీ ఇది?" అని అరిచాను.

"ఆవిడ అన్నయ్యా అంది కదండీ."

"పాలవాణ్ణి కూడా అన్నయ్యా అంటారు! బస్సు కండక్టర్ని అంటారు! అవన్నీ ఫారంలో రాస్తారా?"

ఆయన ముఖం చిన్నబోయింది. కొట్టేసి మళ్ళీ రాయబోతుండగా కిటికీలోంచి ఆయన నంబరు పిలిచారు. తప్పితే మళ్ళీ రేపటి లైను. కాయితం పట్టుకుని పరుగెత్తాడు. కిటికీలోపలివాడు చూడకుండానే ముద్ర కొట్టి లోపల పడేశాడు. ఆఫీసుల తీరు అంత. తీసుకునేటప్పుడు ఎవరూ చదవరు, తిరిగి ఇవ్వాల్సి వచ్చినప్పుడే అక్షరం అక్షరం చదువుతారు.

తర్వాత వాళ్ళిద్దరూ స్నేహితులైపోయారని మీరనుకుంటే పొరపాటు. ఊరికి ఆయన ఒక చివర, ఈవిడ ఇంకో చివర. బ్యాగులక్క షాపు బాగానే నడిచింది. అప్పుడప్పుడూ పన్ను కాయితాల కోసం నా దగ్గరికి వచ్చేది. "మీ అన్నయ్య ఎలా ఉన్నాడు?" అని ఎత్తిపొడిచేవాణ్ణి. "ఎలా ఉన్నారో మరి" అనేది. ఒకసారి మాత్రం, ఆయన వీధివైపు ఏదో పనిపడి వెళ్ళానంది. దూరం నుంచి షాపులో కూర్చుని అన్నం తింటూ కనిపించాడట. ఒక్కడే, గోడవైపు తిరిగి. వెళ్ళి పలకరిస్తే తినేవాణ్ణి లేపినట్టవుతుందేమో, ఎందుకొచ్చావంటే ఏం చెప్పాలో అనుకుని అటునుంచటే వచ్చేసిందట. 

"వెళ్ళాల్సింది" అన్నాను.

"ఒప్పందంలో లేదు కదండీ."

ఎగతాళికే అంది, కానీ కళ్ళు నావైపు లేవు. ఆ రోజు ఇంటికెళ్ళాక నాకు ఊరికే చిరాకేసింది. మా ఇంట్లో మనుషులెక్కువ, చోటు తక్కువ. అన్నం దగ్గర కూడా ఒకడి మోచెయ్యి ఇంకొకడి కంచంలో ఉంటుంది. వాళ్ళందరినీ చూసి ఎప్పుడూ లేనిది ఏమీ అనకుండా తిన్నాను. మా ఆవిడ ఒంట్లో బాగాలేదా అని నుదురు పట్టుకుని చూసింది.

కాటాలాయన ఆస్పత్రిలో పోయాడు. గుండె. ఎవరో దారినపోయేవాళ్ళు తీసుకెళ్ళి చేర్పించారు. దగ్గరివాళ్ళు ఎవరున్నారని అడిగితే చెప్పేవాళ్ళు లేక, ఆస్పత్రివాళ్ళే అన్నీ ముగించేశారు. బ్యాగులక్కకి ఫోను వచ్చేసరికి చాలా రోజులైపోయింది. చేసింది ఆయన పక్క టీకొట్టు మనిషి. షాపు మూసుందని జనం షట్టరు బాదుతుంటే, లోపల గోడకున్న సర్టిఫికెట్ మీద ఈవిడ పేరూ షాపు చిరునామా చూసిన సంగతి అతనికి గుర్తొచ్చి, వాకబు చేసి నంబరు పట్టుకున్నాడు. మనిషి పోయినందుకు కాదు, కాటాలు లోపల ఉండిపోయినందుకు ఫోను వచ్చింది.

సరాసరి నా దగ్గరికి వచ్చింది. "ముందే చెప్పి ఉంటే వెళ్ళేదాన్ని కదండీ. ఒక్కసారన్నా చూసేదాన్ని" అంది. అదే మాట చాలాసార్లు అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "షట్టరుకి సీలు వేశారు. జనం రోడ్డు మీద కూర్చున్నారు. పదండి" అంది.

పదండి అంటే అయిపోదుగా. ఆఫీసులో అధికారిణి ఫైలు తీసింది. చదివింది. నేను భయపడింది ఆ గడి గురించే, ఆవిడ వేలు అక్కడే ఆగింది.

"చెల్లెలు అని రాశారు. రుజువు తెచ్చారా?"

బ్యాగులక్క నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను.

"సొంత చెల్లెల్ని కాదండీ. ఆయన అలా రాసుకున్నారు."

"రాసుకుంటే సరిపోదమ్మా. చెల్లెలైతే రుజువు చూపించండి. కాకపోతే, రాసింది తప్పని ఒప్పుకుంటూ ప్రమాణపత్రం ఇవ్వండి, ఈ రోజే మార్చేస్తాను. నామినీ ఎవరైనా కావచ్చు, మాకేం అభ్యంతరం లేదు. కాయితంలో అబద్ధం ఉండకూడదు." చెడ్డ మనిషేం కాదు. ఆవిడ చెప్పింది రూలు ప్రకారం సరైన మాటే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని అందామంటే, ఇక్కడ పూజారి కూడా ఇస్తానంటోంది, ఒక్క మాట వెనక్కి తీసుకుంటే.

బయటికొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాం. ప్రమాణపత్రానికి మా దగ్గర తయారుగా మాటలుంటాయి. టైపు చేసి ప్రింటు తీసిచ్చాను. ‘పై మృతునికిని నాకును రక్తసంబంధము గాని, వివాహసంబంధము గాని, మరే ఇతర బంధుత్వము గాని లేదని ప్రమాణపూర్వకముగా తెలియజేయుచున్నాను.’

ఆవిడ చదివింది. మళ్ళీ చదివింది.

"రక్తసంబంధం లేదు, నిజమే. పెళ్ళి సంబంధం లేదు, అదీ నిజమే. ‘మరే ఇతర’ అన్న ముక్క తీసేయండి."

"తీస్తే ఒప్పుకోరు. ఆ మాటలు అలాగే ఉండాలి."

"మరే ఇతరదీ లేదని మీకెలా తెలుసు?"

 నాకు జవాబు లేనప్పుడు కోపం వస్తుంది. "మీరు గీత కొట్టారు కదండీ ఆ రోజు!" అన్నాను.

అనకూడని మాట. ఆవిడ ముఖం పాలిపోయింది. "అవును. నేను గీత కొట్టాను. ఆయన చూశాడు కూడా" అంది.

ప్రమాణపత్రం బల్ల మీద పెట్టి అడిగింది. "చెల్లెల్నే అని నిలబడితే?"

"కోర్టుకి వెళ్ళాలి. సాక్షులు కావాలి. ఈ గోడ చివర నిలబడేవాళ్ళలో డబ్బిస్తే మిమ్మల్ని చిన్నప్పట్నుంచీ ఎరుగుదుమని చెప్పేవాళ్ళు దొరుకుతారు. నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు."

"అప్పటిదాకా కాటాలు?"

"లోపలే."

"అయితే కలం ఇవ్వండి" అంది.

సంతకం పెట్టింది. ఎంత ఒత్తి పెట్టిందంటే కాయితం వెనక అక్షరాలు తేలాయి. ఆయన కోసం చెల్లెలు చేయాల్సిన పని చేయాలంటే, ఆయనకి ఏమీ కానని ప్రమాణం చేయాల్సి వచ్చింది. చట్టం మీద నాకు గౌరవమే, అన్నం పెడుతోంది. ఆ రోజు మాత్రం దాన్ని నాలుగు తిట్టాలనిపించింది.

అధికారిణి ముద్ర కొట్టింది. కాయితం అందిస్తూ, "మీ కంపెనీలో కూడా నామినీ ఈయనే కదా. ఈయన లేరు కాబట్టి కొత్త పేరు ఇవ్వాలి, మర్చిపోకండి" అంది. బ్యాగులక్క సరేనంది. ఎవరి పేరు ఇస్తుందో నేను అడగలేదు.

బల్ల మూసేసి ఆవిడతో వెళ్ళాను. ఎందుకెళ్ళానని అడక్కండి, సీలు తీయడానికి నాతో పనిలేదు. ఇరుకు వీధి. షట్టరు ముందు గట్టు మీద జనం కూర్చునున్నారు. కూరగాయలామె, చేపలాయన, పాత సామాన్లు కొనే అతను, ఇంకా ఎవరెవరో. ఆఫీసు బంట్రోతు సీలు తెంపాడు. షట్టరు సగంలో పట్టేస్తే టీకొట్టు మనిషి వచ్చి భుజం పట్టాడు.

లోపల చిన్న గది. గోడకి వరసగా కొక్కేలు, కొక్కేలకి కాటాలు. ప్రతిదానికీ అట్టముక్క, అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో అది ఎవరిదో. తూనిక రాళ్ళు మెత్తటి గుడ్డలో చుట్టి ఉన్నాయి. బల్ల మీద ఒక కంచం బోర్లించి ఉంది, కడిగినదే. బాగుచేయడం చాలావరకు అయిపోయింది. మిగిలినవి ఎక్కడ ఆగాయో కూడా అట్టముక్క మీదే రాసుకున్నాడు. ఆయన మాట తప్పే మనిషి కాదని తెలుస్తూనే ఉంది.

బ్యాగులక్క కొంగు బిగించి పనిలోకి దిగింది. అట్టముక్క చదవడం, పిలవడం, ఇవ్వడం. బాగు కానివాటికి, వేరే ఎక్కడ చేయించుకోవచ్చో టీకొట్టు మనిషిని అడిగి చెప్పింది. నేను గుమ్మంలో నిలబడి, తోసుకోవద్దని జనాన్ని కసురుతున్నాను. అదొక్కటే నాకు వచ్చిన పని.

కూరగాయలామె వంతు వచ్చింది. కాటా అందుకుని వెళ్ళబోతూ ఆగి ఈవిడ ముఖంలోకి చూసింది.

"మీరేనా అమ్మా ఆయన చెల్లెలు? బ్యాగుల షాపు ఉందని చెప్పేవాడు."

బ్యాగులక్క చేతిలో ఇంకో కాటా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది.

"ఎవరు చెప్పారు?"

"ఆయనేనమ్మా. ఆదివారం వెళ్ళి చూసొస్తా, మా చెల్లెలు ఒక్కతే ఉంటుంది అనేవాడు. ప్రతిసారీ వచ్చే ఆదివారం అనేవాడు. వచ్చాడా ఎప్పుడైనా?"

నా జేబులో ప్రమాణపత్రం నకలు ఉంది. ముద్ర తడి ఇంకా ఆరలేదేమో. బ్యాగులక్క ఒకసారి నన్ను చూసింది, నేను కాయితాలాయన్ని కదా, అక్కడే ఉన్నాను కదా. నేను బయటికి తిరిగి, అక్కడ లేనివాణ్ణి కూడా కసిరాను.

"నేనే. చెల్లెల్నే" అంది వెనక ఆవిడ గొంతు. ఆ తర్వాత ఏడుపు వినిపించింది. దాచుకోకుండా, గట్టిగా, సొంతమనిషి పోతే ఏడ్చినట్టే ఏడ్చింది. కూరగాయలామె కాటా కింద పెట్టి ఆవిడ వీపు నిమిరింది. మిగతావాళ్ళు తోసుకోవడం మానేశారు.

కాసేపటికి ముఖం తుడుచుకుని అడిగింది. "ఇంకేం చెప్పేవాడు నా గురించి?"

కూరగాయలామె ఆలోచించింది. "అంతేనమ్మా. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు కదా" అని, అమ్మకానికి పొద్దుపోతోందని కాటా భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

తర్వాత చేపలాయన వచ్చాడు. బ్యాగులక్క ఆయన కాటా కొక్కెం మీంచి తీసింది, కానీ వెంటనే ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకుని, "మీకేమన్నా చెప్పేవాడా?" అని అడిగింది. ఆ రోజు కాటా కోసం వచ్చిన ప్రతివాళ్ళనీ అదే అడిగింది.